ముల్లు నిజం చెప్పాలి

ఈమధ్య ఒక పాత సహోద్యోగి ఇంటికి వెళ్లాను. హాల్లో టీవీ పక్కన వాళ్ల తాతగారి వాల్వు రేడియో కనిపించింది. టేకు చెక్క పెట్టె, కొత్తగా పాలిష్ పట్టించారు, అద్దంలా మెరుస్తోంది. ముచ్చటేసి దగ్గరికెళ్లి ట్యూనింగ్ నాబ్ తిప్పాను. నాబ్ ఊరికే తిరిగింది, ముల్లు కదల్లేదు. వెనకవైపు వంగి చూస్తే లోపల ఛాసిస్ లేదు. వాల్వులు లేవు, గ్యాంగ్ కండెన్సర్ లేదు, ఐఎఫ్ డబ్బాలు లేవు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అరచేతిలో పట్టేంత బ్లూటూత్ బోర్డు ఒకటి, అటూ ఇటూ రెండు చిన్న స్పీకర్లు, అంతే. "పాడైపోయిందండీ, బాగుచేసేవాళ్లు దొరకలేదు. షాపువాళ్లు ఇలా చేసిచ్చారు. ఇప్పుడు ఫోన్లోంచి ఘంటసాల పాటలు చక్కగా వస్తున్నాయి" అన్నాడాయన సంతోషంగా. లోపలి సామానేం చేశారని అడిగాను. "తుక్కు కింద వాళ్లే పట్టుకుపోయారు" అన్నాడు.

ఆయన్ని నేనేమీ అనలేదు. తాతగారి వస్తువును పారేయకుండా హాల్లో పెట్టుకున్నాడు, అదే పదివేలు. కానీ ఇంటికి వచ్చే దారంతా ఆ కదలని ముల్లే కళ్లముందు ఆడింది.

పాత సెట్టుకు కొత్త వస్తువేదీ తగిలించకూడదన్న మడి నాకు లేదు. మా నాన్నగారి వాల్వు రేడియోకు ఈ ఏడాదే నేనొకటి చేర్చాను. దాన్ని ఫ్రీక్వెన్సీ కాలిబ్రేటర్ అంటారు. ముల్లు డయల్ మీద ఏ అంకె చూపిస్తోందో, సెట్టు నిజంగా ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే వింటోందా లేదా అని పట్టిచ్చే చిన్న పరికరం. పాత యంత్రానికి ఏం చేర్చినా అది ఆ యంత్రం చేసే పనికి తోడుపడాలి, ఆ పనినే మింగెయ్యకూడదు. రేపు ఎవరైనా వద్దనుకుని తీసేస్తే ఆనవాలు కూడా మిగలకూడదు. ఈ రెండు మాటలూ గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా నాన్నగారికి తెనాలిలో రేడియో రిపేరు షాపు ఉండేది. షాపంటే ఒక గది, ఒక బల్ల, ఒక మల్టీమీటరు, రంపప్పొట్టు పోసిన డబ్బాలో పాత వాల్వులు. సిగ్నల్ జనరేటర్ కొనే స్తోమత ఆయనకు ఎప్పుడూ రాలేదు. అలైన్‌మెంట్ తప్పిన సెట్టు వస్తే స్టేషన్లనే కొలబద్దలుగా పెట్టుకుని సరిచేసేవారు. డయల్ కింది కొసకు పాడర్ స్క్రూ, పై కొసకు ట్రిమ్మర్ స్క్రూ తిప్పేవారు. ఇటు సరిచేస్తే అటు జరుగుతుంది, అటు సరిచేస్తే ఇటు జరుగుతుంది. నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగితేగానీ రెండూ కుదురుకోవు. షార్ట్ వేవ్‌కు రేడియో సిలోన్ ఆయనకు ఆధారం. అందరూ పాటల కోసం సిలోన్ పెడితే ఆయన ముల్లు కోసం పెట్టేవారు. పాట మొదలైనా ఆయన చెవి పాట మీద ఉండేది కాదు, స్క్రూడ్రైవర్ కొన మీద ఉండేది.

1964లో ఆయన తన కోసం ఒక సెట్టు కొనుక్కున్నారు. ఇప్పుడు నా దగ్గర ఉన్నది అదే. ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80 వాల్వులు, ముందు స్టేషన్ ఎంత బలంగా వస్తోందో చూపిస్తూ పచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ ఈఎం80. ఒక మీడియం వేవ్ బ్యాండు, రెండు షార్ట్ వేవ్ బ్యాండ్లు. హాలు ఈ మూల నుంచి ఆ మూలకు కట్టిన రాగి జాలీ ఏరియల్. పొద్దున ఏడు గంటల ఢిల్లీ వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్ శబ్దాలకు నాన్న చేతి గడియారం సరిచేసుకునేవారు. వీధిలో సగం గడియారాలు ఆ పిప్‌లకే తిరిగేవి. రేడియోను నమ్మి గడియారం సరిచేసుకున్నాం సరే, రేడియోను ఎవరిని నమ్మి సరిచేసుకోవాలి?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డయల్ మీది ముల్లు ఫ్రీక్వెన్సీని కొలవదు. దానికి ఆ సంగతే తెలియదు. నాబ్‌కు చుట్టిన దారం గ్యాంగ్ కండెన్సర్‌ను తిప్పుతుంది, అదే దారం ముల్లునూ లాగుతుంది. కండెన్సర్ ఎంత తిరిగిందో అంతే ముల్లు చెప్పగలదు. అంత తిరిగితే ఇంత ఫ్రీక్వెన్సీ వస్తుందని ఫ్యాక్టరీలో ఆనాడు కుదిర్చారు, ఆ లెక్కన గాజు మీద అంకెలు అచ్చేశారు. అరవై ఏళ్లు గడిచాక కాయిల్ ఫార్మర్ చెమ్మ పీలుస్తుంది, ట్రిమ్మర్ మైకా రేకులు సడలుతాయి, పాడర్ విలువ జరుగుతుంది, దారం సాగుతుంది. ఈసీహెచ్81 మార్చినా చాలు, కొత్త వాల్వులోని లోపలి కెపాసిటెన్స్ పాతదానితో సమానంగా ఉండదు కాబట్టి షార్ట్ వేవ్‌లో ముల్లు కొంత తప్పుతుంది. మీడియం వేవ్‌లో ఈ తప్పు పెద్దగా తెలియదు. 15 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం వెంట్రుకవాసి తేడా కూడా పదుల కిలోహెర్ట్జ్ అవుతుంది, అంటే పక్కపక్కన నాలుగైదు స్టేషన్లు పట్టేంత చోటు.

మా సెట్టుకు కండెన్సర్లు మార్చి మళ్లీ ప్రాణం పోశాక తేలిందేమిటంటే, 11 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ముల్లు దాదాపు 120 కిలోహెర్ట్జ్ తప్పు చెబుతోంది. నాన్న రోజుల్లో ఏ స్టేషన్ ఎక్కడుందో నోటికి వచ్చేది కాబట్టి నడిచిపోయింది. ఇవాళ షార్ట్ వేవ్‌లో స్టేషన్లు పలచబడ్డాయి. ఆధారంగా పట్టుకోవడానికి అక్కడ ఎవరూ ఉండరు. అందుకే మన ఆధారం మనమే తెచ్చుకోవాలి.

కాలిబ్రేటర్ పని చెప్పుకుంటే చాలా సులువు. ఒక క్వార్ట్జ్ స్ఫటికం కచ్చితమైన ఫ్రీక్వెన్సీలో కంపిస్తుంది. దాన్ని విభజించి 100 కిలోహెర్ట్జ్ చేస్తాం. ఆ తరంగాన్ని కావాలనే మొనదేలిన పల్స్‌లుగా మారిస్తే దాని గుణిజాలన్నీ పుడతాయి: 200, 300, 400, అలా 30 మెగాహెర్ట్జ్ దాకా. డయల్ పొడవునా ప్రతి వంద కిలోహెర్ట్జ్‌కూ ఒక మైలురాయి పాతినట్టు. ముల్లు 9.6 మీద పెట్టినప్పుడు మైలురాయి అక్కడే తగిలితే డయల్ నిజం చెబుతోంది. పక్కన తగిలితే ఎంత పక్కనో అంత తప్పు.

ఇది నా కల్పన కాదు, ఆధునికుల ఆవిష్కరణ అసలే కాదు. వాల్వు యుగపు ఇంజనీర్లు తమ మేలుజాతి రిసీవర్లలో దీన్ని ఫ్యాక్టరీలోనే పెట్టారు. కాలిన్స్ కంపెనీ రూపొందించగా అమెరికన్ సైన్యం వాడిన ఆర్-390ఏ రిసీవర్ స్విచ్చి మీద కాలిబ్రేట్ అన్న స్థానం ఉంటుంది. అటు తిప్పితే ప్రతి 100 కిలోహెర్ట్జ్‌కూ గుర్తు వినిపిస్తుంది. దక్షిణాఫ్రికా ఇంజనీరు ట్రెవర్ వాడ్లీ ఆలోచన మీద బ్రిటన్‌లో తయారైన రకాల్ ఆర్ఏ-17లోనూ అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన బీసీ-221 ఫ్రీక్వెన్సీ మీటరులో 1 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉండేది. ఆ మీటరుతో పాటు ఒక పుస్తకం వచ్చేది, ఏ అంకెకు ఏ ఫ్రీక్వెన్సీ అని. ఆ పుస్తకం ఆ ఒక్క మీటరుకే రాసింది. పక్క మీటరు పుస్తకం దీనికి పనికిరాదు. ప్రతి యంత్రం తప్పూ దానిదేనని, దాన్ని విడిగా కొలవాల్సిందేనని వాళ్లు ఒప్పుకున్న తీరు నాకెంతో గౌరవంగా తోస్తుంది.

ఇళ్లల్లోని సెట్లకు మాత్రం ఈ సదుపాయం పెట్టలేదు. అవసరం లేదనుకున్నారు. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అని స్టేషనే తన పేరు చెప్పుకుంటుంటే ముల్లు సాక్ష్యం ఎవరికి కావాలి?

సరే, నా పెట్టె సంగతి. మొదట దాన్ని కూడా వాల్వుతోనే కట్టాలనుకున్నాను. 100 కిలోహెర్ట్జ్ స్ఫటికం, ఒక చిన్న పెంటోడు, ఆ కాలపు పద్ధతిలోనే. రెండు కారణాలతో మానుకున్నాను. 100 కిలోహెర్ట్జ్ స్ఫటికాలు ఇప్పుడు అంత తేలిగ్గా దొరకవు. అంతకంటే ముఖ్యం, కొత్త వాల్వుకు ఫిలమెంట్ కరెంటు ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచే లాగాలి. అరవై ఏళ్లు దాటిన ట్రాన్స్‌ఫార్మర్ మీద అదనపు బరువు వేయడం పెద్దాయన నెత్తిన బియ్యం బస్తా పెట్టడమే. అది కాలిపోతే అచ్చం అలాంటిది మళ్లీ దొరకదు. పైగా కొత్త సాకెట్టు కోసం ఛాసిస్‌కు రంధ్రం వెయ్యాలి. నాన్న చేతులు తిరిగిన ఇనుప రేకుకు నేను డ్రిల్లు పెట్టను.

అందుకని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 10 మెగాహెర్ట్జ్ స్ఫటికం, మూడు సీమాస్ చిప్‌లు, ఒక ట్రిమ్మర్ తెచ్చుకున్నాను. మొదటి చిప్ స్ఫటికాన్ని కంపింపజేస్తుంది. రెండోది పదితో భాగించి 1 మెగాహెర్ట్జ్, మళ్లీ పదితో భాగించి 100 కిలోహెర్ట్జ్ ఇస్తుంది. మూడోది ఆ తరంగాన్ని పల్స్‌గా మార్చడానికి. అన్నీ ఒక రేకు డబ్బాలో, మూడు పెన్‌టార్చి బ్యాటరీల మీద. డబ్బా నుంచి జానెడు ఇన్సులేషన్ వైరు బయటికి వస్తుంది. ఆ వైరును ఏరియల్ తీగ చుట్టూ మూడు చుట్లు చుట్టానంతే. రాగి రాగికి తగల్లేదు, ఛాసిస్‌కు టంకం పడలేదు, ఒక్క స్క్రూ విప్పలేదు. మూడు చుట్లు విప్పేస్తే సెట్టు డబ్బా చేర్చకముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

మొదటి రాత్రి జరిగింది చెబుతాను. ఇళ్లల్లోని సెట్లలో మోర్సు వినడానికి పెట్టే ఆసిలేటర్ ఉండదు. కాబట్టి కాలిబ్రేటర్ గుర్తు ఈలలా కూయదు. మరి తెలిసేదెలా? ఖాళీ చోట ముల్లు కదుపుతుంటే స్పీకర్లో హోరు వస్తుంటుంది. గుర్తు దగ్గరికి రాగానే ఆ హోరు ఎవరో తలుపేసినట్టు అణిగిపోతుంది. అదే క్షణంలో మ్యాజిక్ ఐ పచ్చటి వెలుగు మధ్య నీడ సన్నబడి మూసుకుంటుంది. కొంచెం దాటితే మళ్లీ హోరు, మళ్లీ నీడ. గదిలో లైటార్పి, ఆ పచ్చ వెలుగులో ముల్లు కదుపుతూ మీడియం వేవ్ కింది కొస నుంచి బయలుదేరాను. 700 దగ్గర కన్ను మూసుకుంది. 800 దగ్గర మూసుకోలేదు. 900 దగ్గర మూసుకుంది, వెయ్యి దగ్గర లేదు. 1100 ఉంది, 1200 లేదు. ఒకటి విడిచి ఒకటి! సోల్డరింగ్ సరిగా పడలేదేమోనని డబ్బా విప్పి రెండుసార్లు చూసుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి.

తప్పు టంకంలో లేదు. చివరి మెట్టులో రెండుతో భాగించేలా కలపడంతో నాకొచ్చింది అచ్చమైన చదరపు తరంగం, సగం కాలం పైన, సగం కాలం కింద. అలాంటి తరంగంలో బేసి గుణిజాలే ఉంటాయి. 7, 9, 11 ఉంటాయి. 8, 10, 12 ఉండవు. ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో ఫోరియర్ శ్రేణి కింద ఈ సంగతి పరీక్షలో రాశాను. నలభై ఏళ్లకు పైగా గడిచాక నాన్న రేడియోలో కంటితో చూశాను. మూడో చిప్ సర్క్యూటును ఇంకోలా కలిపి, తరంగాన్ని సెకనులో ఐదు కోట్లవ వంతు మాత్రమే ఉండే సన్నటి పల్స్‌గా మార్చాక 600 నుంచి 1600 దాకా ప్రతి వందకూ కన్ను మూసుకుంది.

మర్నాడు పక్కింటి అమ్మాయిని పిలిచి చూపించాను. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. ముందు చదరపు తరంగం పెట్టి, ఆ తర్వాత సన్నటి పల్స్ పెట్టి, ముల్లు తనచేతే తిప్పించాను. "అంకుల్, మొన్న సెమిస్టర్లో దీనికి పది మార్కులు వచ్చాయి. కానీ ఇది ఇలా ఉంటుందని తెలీదు" అంది. ఆ తర్వాత గంటన్నరసేపు నాబ్ వదల్లేదు. బ్లూటూత్ పెట్టె ముందు ఎవరైనా గంటన్నరసేపు నాబ్ తిప్పుతారా?

షార్ట్ వేవ్‌లో ఇంకో చిక్కు ఎదురైంది, అనుభవం లేనివాళ్లు అక్కడే మోసపోతారు. 15 మెగాహెర్ట్జ్ దాటాక ప్రతి గుర్తుకూ ఒక కవల కనిపిస్తుంది, అసలుదానికి 10 కిలోహెర్ట్జ్ దిగువన. కాలిబ్రేటర్ తప్పు కాదిది, రిసీవర్ స్వభావం. ఈ సెట్లు ఏ సిగ్నల్‌నైనా లోపల మార్చుకునే మధ్య ఫ్రీక్వెన్సీ, అంటే ఐఎఫ్, 455 కిలోహెర్ట్జ్. దానికి రెట్టింపు, 910 కిలోహెర్ట్జ్ పైన ఉన్న సిగ్నల్ కూడా పక్కదారిన లోపలికి చొరబడుతుంది. 910 పైన ఉన్న గుర్తు కిందికి దిగినప్పుడు వందకు పది తక్కువ దగ్గర పడుతుంది. ఏది బలంగా ఉందో అది అసలుది అనుకోవాలి. పైకి వెళ్లేకొద్దీ రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి, అప్పుడు ముందు 1 మెగాహెర్ట్జ్ గుర్తులు పట్టుకుని అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. అందుకే డబ్బాకు 1 మెగాహెర్ట్జ్, 100 కిలోహెర్ట్జ్ అని రెండు స్థానాల స్విచ్చి పెట్టాను. నాన్న చాలా ఏళ్ల కింద "సిలోన్ రెండు చోట్ల వస్తోందిరా" అని విసుక్కున్న కారణం కూడా ఇదే. ఇప్పుడైతే ఆయనకు చూపించేవాణ్ని.

కాలిబ్రేటర్‌ను మాత్రం గుడ్డిగా నమ్మవచ్చా? బజారులో కొన్న స్ఫటికం పది లక్షలకు ఇరవై వంతులు తప్పినా తప్పవచ్చు. అంటే 10 మెగాహెర్ట్జ్‌లో 200 హెర్ట్జ్. నా డయల్ మీద అది కంటికి ఆనదు. అయినా కొలిచేవాడు తనను కూడా కొలిపించుకోవాలి. మొదట ఆకాశవాణినే అడిగాను. 1978 నవంబర్ 23న ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ గుణిజాల మీదికి మారాయి. మన హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖపట్నం 927, అన్నీ తొమ్మిదితో నిశ్శేషంగా పోయే అంకెలే. కడప 900. మీడియం వేవ్ మొత్తంలో తొమ్మిదికీ వందకూ ఏకకాలంలో గుణిజమయ్యే అంకె ఆ ఒక్కటే! నా డబ్బా తొమ్మిదో గుణిజం సరిగ్గా కడప మీద కూర్చుంటుంది. రాత్రి కడప కేంద్రం వస్తుండగా డబ్బా స్విచ్చి వేస్తే ఆ గొంతు నెమ్మదిగా ఊగింది, కన్నూ దానితోపాటే ఊగింది. ఆ ఊపే రెండింటికీ మధ్య ఉన్న తేడా. అయితే ప్రసార కేంద్రాలకే 10 హెర్ట్జ్ దాకా తేడాకు అనుమతి ఉంది. కడప నాకు సాక్షి, న్యాయమూర్తి కాదు.

న్యాయమూర్తి కోసం 10 మెగాహెర్ట్జ్‌కు వెళ్లాల్సి వచ్చింది. చైనాలోని బీపీఎం కేంద్రం అక్కడ సెకను సెకనుకూ టిక్కుమంటూ ప్రామాణిక కాలాన్ని ప్రసారం చేస్తుంది. నా స్ఫటికం కూడా 10 మెగాహెర్ట్జే కాబట్టి ఎదురెదురుగా పోల్చవచ్చు. మాకు సాయంత్రం చీకటి పడ్డాక అది బాగా వస్తుంది. డబ్బా ఆన్ చేస్తే మొదట సన్నగా గుర్రుమంది. ట్రిమ్మర్‌ను ప్లాస్టిక్ పుల్లతో కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఆ గుర్రు బరువెక్కి, చెవికి అందనంత లోతుకు దిగి, చివరికి మ్యాజిక్ ఐ నీడ ఊపిరిలా లోపలికీ బయటికీ కదలడం మొదలుపెట్టింది. సెకనుకు ఒక ఊపు అంటే కోటి కంపనాల్లో ఒక్కటి తేడా. అక్కడ ఆపేశాను.

ఆ రాత్రి ఒక బాధ కూడా కలిగింది. ఈ పని చైనా గడియారంతో ఎందుకు చేసుకోవాల్సి వచ్చింది? ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఒకప్పుడు ఏటీఏ పేరుతో 5, 10, 15 మెగాహెర్ట్జ్‌లలో ప్రామాణిక సిగ్నల్ ప్రసారం చేసేది. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మేం దానితోనే ల్యాబ్ పరికరాలు సరిచూసుకున్నాం. భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టే సీజియం గడియారాలు నేటికీ ఆ ప్రయోగశాలలోనే ఉన్నాయి, ఆ ప్రసారం మాత్రం లేదు. ఉపగ్రహాలున్నాయి, ఇంటర్నెట్ ఉంది, ఇంకెందుకని అంటారు. అమెరికాలోనూ అలాగే అన్నారు. 2019 బడ్జెట్ ప్రతిపాదనల్లో ఇదే పని చేసే డబ్ల్యూడబ్ల్యూవీ కేంద్రాన్ని మూసేద్దామన్నారు. వినేవాళ్లు గట్టిగా నిలబడ్డారు, అది నేటికీ పలుకుతోంది. ఒక రిసీవరూ నాలుగు గజాల తీగా ఉన్న ఏ ఊరి కుర్రాడైనా దేశపు ప్రమాణాన్ని ఖర్చు లేకుండా తన ఇంట్లో అందుకోగలగడం చిన్న విషయం కాదు. మనకూ ఒక్క ఫ్రీక్వెన్సీలోనైనా ఆ ప్రసారం మళ్లీ రావాలని నేను కోరుతున్నాను. అభిరుచి కొద్దీ ప్రసారం చేసే హామ్ రేడియోవాళ్ల లైసెన్సు నిబంధనలు, తన ప్రసారం అనుమతించిన పరిధిలోనే ఉందని ప్రతివాడూ సరిచూసుకోగలగాలని అడుగుతున్నాయి. అడిగిన ప్రభుత్వమే చూసుకునేందుకు ఆధారమూ ఇవ్వాలి.

నాతో వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. పాతవి సేకరించే ఒక మిత్రుడు, "ఏం చేర్చినా మైలే. ఉన్నది ఉన్నట్టుంచాలి" అంటాడు. ఆయన షోకేసుల్లో ముప్పై సెట్లున్నాయి, ఒక్కటీ పలకదు. వాటిని తుక్కు నుంచి కాపాడినందుకు ఆయనకు దండం పెడతాను. కానీ పలకని రేడియోను ఉన్నది ఉన్నట్టు అనడం నాకు సమ్మతం కాదు. అది ఉన్నప్పుడు పలికింది. రెండోవైపు ఒక శిష్యుడు, "ఎందుకు సార్ ఇంత శ్రమ? డిజిటల్ ఫ్రీక్వెన్సీ మీటరు బోర్డు వస్తోంది, లోపల పెట్టేస్తే ఎర్ర అంకెల్లో నేరుగా చూపిస్తుంది" అంటాడు. పెట్టి చూశాను, ఇంకో సెట్టులో. దాని వైరును లోకల్ ఆసిలేటర్‌కు తగిలించాలి, తగిలించగానే ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ కొంత పక్కకు జరుగుతుంది. ఆ అంకెలు వెలిగే తీరుకు సెట్టులో గరగర మొదలవుతుంది. వీటికి మందులున్నాయి. మందులేనిది ఇంకోటి: అంకెలు వెలిగాక ఎవరూ డయల్ వైపు చూడరు. ముల్లు ఎంత తప్పినా ఎవరికీ పట్టదు. కాలిబ్రేటర్ అలా కాదు, అది తప్పు చూపించి ఊరుకుంటుంది. దిద్దడం మన పని. కాయిల్ కోర్ పావు చుట్టు, ట్రిమ్మర్ అరచుట్టు, మళ్లీ మొదటికి, అచ్చంగా నాన్న చేసినట్టే చేశాను. మూడు సాయంత్రాలు పట్టింది. సెట్టు అరగంట వేడెక్కితేగానీ ఏదీ ముట్టుకోలేదు, అంతవరకూ ఆసిలేటర్ జరుగుతూనే ఉంటుంది. 11 మెగాహెర్ట్జ్ దగ్గర 120 ఉన్న తప్పు ఇప్పుడు పది లోపు. ఆ డయల్ మీద అంతకంటే సన్నంగా కంటికి ఆనదు. తర్వాత డబ్బా స్విచ్చి తీసేశాను. ముల్లు మాత్రం సరైన చోటే ఉంది.

ఇంజనీరింగ్ కాలేజీల స్టోరు గదుల్లో, పాలిటెక్నిక్‌ల బీరువాల వెనక ఇలాంటి సెట్లు ఇంకా పడున్నాయి. వేలం వేసేముందు ఒక్కదాన్నైనా ల్యాబ్ బల్ల మీదికి తెప్పించండి, పక్కన ఇలాంటి డబ్బా ఒకటి కట్టించండి. నాకైన ఖర్చు ఐదారు వందలు దాటలేదు.

ఇళ్లల్లో అటక మీద తాతల సెట్టు ఉన్నవాళ్లకు ఒక మాట. బ్లూటూత్ పెట్టిస్తామని ఎవరైనా వస్తే ఛాసిస్ మాత్రం ఇవ్వకండి. బట్టలో చుట్టి దాచండి, చేతనైనవాడు తర్వాతైనా దొరుకుతాడు. మీరే బాగుచేయాలనుకుంటే నేరుగా ప్లగ్గులో పెట్టకండి. కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. లోపల 250 వోల్టులుంటాయి, తీగ పీకేశాక కూడా కాసేపు మిగిలే ఉంటాయి. ముందు వాల్వుల మీది అక్షరాలు చూడండి. ఇంగ్లిష్ "ఈ" (E) అక్షరంతో మొదలైతే సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు. యూసీహెచ్, యూబీఎఫ్, యూసీఎల్ అని యూతో మొదలైతే అది ఏసీ డీసీ సెట్టు, దాని ఛాసిస్ నేరుగా మెయిన్స్ కరెంటుకు కలిసి ఉంటుంది. దాన్ని వట్టి చేత్తో ముట్టుకోకండి, దానికి ఏ డబ్బా తీగనూ తగిలించకండి.